కుచ్చిళ్ళ నిక్కరు

శనివారం, 28 జూన్ 2025

శనివారం పొద్దున్నే వారానికి సరిపడా ఇస్త్రీ చేసి పెట్టుకోవడం నాకు అలవాటు. మూడో చొక్కా మీద ఉండగా మేనల్లుడు వచ్చి ఫోను తీసి సరిగ్గా కాలర్ మీదే పెట్టాడు. "అత్తా, ఇది చూడు. చూడగానే ఏమీ అనకు, ఒక్క నిమిషం ఆగి అను" అన్నాడు. అలా చెప్పి చూపిస్తే నోరు ఊరుకుంటుందా? "ఇదేం నిక్కరురా, కిటికీ పరదా పీకి చుట్టుకున్నట్టుంది!" అనేశాను. వాడి మొహం చిన్నబోయింది.

నిన్న పారిస్‌లో ఫ్రెంచి ఫ్యాషన్ సంస్థ డియోర్ వాళ్ళ మగవాళ్ళ బట్టల ప్రదర్శన జరిగింది. వచ్చే ఏడాది వేసవికి వేసుకునేవన్నమాట. ఉత్తర ఐర్లండ్‌లో పుట్టి, పదేళ్ళకు పైగా లోయెవే అనే స్పెయిన్ ఫ్యాషన్ సంస్థకి డిజైన్లు నడిపించిన జోనథన్ ఆండర్సన్‌కి డియోర్‌లో ఇదే తొలి కలెక్షన్. మగవాళ్ళవి, ఆడవాళ్ళవి, కూట్యూర్ (అంటే కొలతలు తీసి ఒక్కొక్కరికీ చేత్తో కుట్టేవి), మూడూ ఇప్పుడు ఆయన చేతిలోనే. సంస్థ పెట్టిన క్రిస్టియన్ డియోర్ తర్వాత మూడింటినీ ఒక్కరే చూసుకోవడం ఇదే మొదటిసారి. అందుకే బట్టల గొడవ పట్టనివాళ్ళు కూడా నిన్నంతా దీని గురించే మాట్లాడుకున్నారని మావాడి కథనం. వాడి స్నేహితుల్లో బట్టల గొడవ పట్టనివాళ్ళు ఎవరో మాత్రం నాకు ఇంతవరకూ తగల్లేదు.

నిక్కరు సంగతికొస్తే, ముందునుంచి చూస్తే మామూలు జేబుల నిక్కరే. కార్గో అంటారు. మనిషి కాస్త పక్కకి తిరిగాడా, కుచ్చిళ్ళ మీద కుచ్చిళ్ళు, మడతలోంచి ఇంకో మడత. 1948లో డియోర్ కుట్టిన 'డెల్ఫ్ట్' అనే గౌను మడతలే వీటికి మూలమని వాడు చెప్పాడు. ఈసారి నేను నోరు మెదపలేదు. గౌను అనగానే వాటిని చూసే చూపే మారింది నాకు. నిక్కరుగా చూసినప్పుడు అదనంగా అనిపించిన గుడ్డ, గౌనుగా చూస్తే అక్కడే ఉండాలనిపించింది.

అన్నయ్య వచ్చి ఫోటోని రెండు వేళ్ళతో పెద్దది చేసి చూశాడు. ఆయనకి ఏ వస్తువైనా ముందు వాడకం తేలాలి.

"తాళాలు ఎక్కడ పెట్టుకోవాలి ఇందులో?"

"జేబులున్నాయి నాన్నా, కార్గో అది."

"ఉంటే మాత్రం? ఆ మడతల్లో వెతుక్కునేసరికి తెల్లారుతుంది."

వదిన నిక్కరు జోలికే పోలేదు. పైనున్న కోటు దగ్గర ఆగిపోయింది. డోనెగల్ ట్వీడ్ అనే ఐరిష్ ఉన్ని గుడ్డ కోటు, నడుం దగ్గర లోపలికి వెళ్ళి, తుంటి మీద మళ్ళీ విచ్చుకుంది. "ఇది ఆడవాళ్ళ కత్తిరింపు. నాకిస్తే రేపే వేసుకుంటా" అంది. ఎవరూ చెప్పకుండానే పట్టేసింది! అది డియోర్ 1947 ఫిబ్రవరిలో తన మొట్టమొదటి ప్రదర్శనలో చూపించిన 'బార్' కోటే. అప్పుడు ఆడవాళ్ళ కోసం దంతపు రంగు పట్టులో కుట్టారు, ఇప్పుడు ఐరిష్ ఉన్నిలో మగవాళ్ళ కొలతలకి వచ్చింది. మావాడు చప్పట్లు కొట్టినంత పనిచేశాడు. వాళ్ళమ్మ తన పక్షాన చేరిందనుకున్నాడు పాపం. ఆవిడ చేరింది కోటు పక్షాన.

మధ్యాహ్నం దాకా వాడి ఫోను మోగుతూనే ఉంది. స్నేహితులు రెండు జట్లయ్యారట. ఒక జట్టుకి ఇదంతా మరీ వింత. ఇంకో జట్టుకి ఇదంతా మరీ మామూలు: జీన్సు, అల్లిన స్వెటరు, చొక్కా, టై, కాలేజీ కుర్రాళ్ళ అల్మరా తెరిచినట్టుంది, దీనికి డియోర్ ఎందుకూ అని. నాకు ఆసక్తి పుట్టింది ఇక్కడే. ఒకే ప్రదర్శన మీద ఈ రెండు నిందలూ ఎలా పడతాయి? ఫోటోలు వరసగా చూస్తే తెలిసింది, రెండూ నిజమే. పద్దెనిమిదో శతాబ్దపు పువ్వుల వెయిస్ట్‌కోట్‌లా కుట్టిన దాని కింద మామూలు ప్యాంటు ఉంటుంది. టై వెనక్కి తిరగేసి కట్టి ఉంటుంది, సన్న భాగం, లేబులూ పైకి కనిపించేలా. వింతదీ మామూలుదీ ఒక ఒంటి మీదే ఉన్నాయి. కోపం వచ్చినవాళ్ళు ఎవరికి కావలసిన సగం వాళ్ళు పట్టుకున్నారు.

ప్రదర్శన పారిస్‌లో ఇన్వాలిడ్స్ అనే పాత సైనిక భవనం దగ్గర కట్టిన హాల్లో జరిగింది. లోపల బెర్లిన్‌లోని పాత చిత్రాల మ్యూజియంలా మఖ్మల్ గోడలు కట్టి, వాటి మీద పద్దెనిమిదో శతాబ్దపు ఫ్రెంచి చిత్రకారుడు షార్డాన్ వేసిన రెండు చిన్న బొమ్మలు వేలాడదీశారు. ఒకటి బుట్టెడు అడవి స్ట్రాబెర్రీలు, ఇంకొకటి పూలకూజా. తోటి చిత్రకారులు రాజుల్నీ దేవతల్నీ గోడంత గుడ్డ మీద వేస్తున్న రోజుల్లో షార్డాన్ గిన్నెలూ పళ్ళూ వేసుకుంటూ కూర్చున్న మనిషి. ముందు వరసల్లో రిహానా, డేనియల్ క్రెయిగ్, రాబర్ట్ ప్యాటిన్సన్ లాంటి వాళ్ళుండగా ఆ బుట్టని ఎంతమంది చూశారో! మరీ మామూలుగా ఉందన్న జట్టుకి జవాబు ఆ గోడ మీదే ఉందనిపించింది నాకు. మరీ వింతగా ఉందన్న జట్టుకి మాత్రం నా దగ్గర జవాబు లేదు.

మావాడి దగ్గర ఉంది. 1947ని బయటికి తీశాడు. అప్పుడు డియోర్ గజాలకొద్దీ గుడ్డ పోసి లంగాలు కుడితే జనం మండిపడ్డారు. ఇంగ్లండులో అప్పటికింకా బట్టలకి రేషను, 1949 దాకా ఎత్తలేదు. పారిస్‌లోనే లెపిక్ వీధి సంతలో ఫోటోల కోసం ఆ బట్టలు కట్టుకుని నిలబడ్డ మోడళ్ళ మీద పడి ఆడవాళ్ళు చింపేశారు. అమెరికాలో పొడుగు లంగాలు వద్దంటూ సంఘమే పెట్టుకున్నారు. "చూశావా అత్తా, అప్పుడు తిట్టారు, తర్వాత అందరూ అవే కట్టుకున్నారు. ఇదీ అంతే."

ఈ వాదన నాకు మింగుడు పడలేదు. తిట్లు తిని గెలిచినవి మనకి గుర్తుంటాయి, తిట్లు తిని మూలనపడ్డవి ఎవరికి గుర్తుంటాయి? పైగా లెపిక్ వీధి ఆడవాళ్ళది అభిరుచి లేకపోవడం కాదు. యుద్ధం నుంచి అప్పుడే బయటపడి, చిరుగుల మీద చిరుగులు కుట్టుకుంటున్న వాళ్ళ ముందు ఒక లంగాకి అంత గుడ్డంటే ఒళ్ళు మండదూ? ఆ లంగా తర్వాత గెలిచింది కాబట్టి ఆ రోజు వాళ్ళ కోపం తప్పయిపోదు. ఇదంతా అంటే వాడు "నువ్వు నాన్న జట్టు" అని తేల్చేశాడు.

నేను ఎవరి జట్టూ కాదు. నా దిగులు గుడ్డ గురించి. కుట్టు నేర్చుకున్న రోజుల్లో మొదట బుర్రకెక్కిన లెక్క ఇది: పూర్తి మడత వేస్తే పైకి అంగుళం కనబడటానికి మూడంగుళాల గుడ్డ పోతుంది. ముప్ఫైనాలుగు నడుముకి చుట్టూ కుచ్చిళ్ళంటే నూటరెండు అంగుళాలు, ఒక్క పొరకే. ఆ బరువు నడుం పట్టీ ఎలా మోస్తుంది? ఇదే డియోర్‌లో ఒకప్పటి డిజైనర్ ఎడి స్లిమాన్ కుట్టిన సన్నటి సూట్లలో పట్టడానికి ఇంకో పేరున్న డిజైనర్ కార్ల్ లాగర్‌ఫెల్డ్ నలభై కిలోల పైనే తగ్గాడు. అప్పుడు బట్టకి మనిషి సరిపోవాల్సి వచ్చింది. ఇప్పటి నిక్కరులో మనిషి చుట్టూ ఇంకో మనిషికి చోటుంది.

సాయంత్రం వీడియో పెట్టించుకున్నాను. ఫోటోలో పరదాలా వేలాడిన మడతలు నడకలో విచ్చుకుని మూసుకుంటున్నాయి. బాగుంది. పొద్దున అన్న మాట వెనక్కి తీసుకోలేదు గానీ, "నడుస్తుంటే బాగుందిరా" అన్నాను. వాడికి అంతే చాలు. తానూ నడిచి చూడాలన్నాడు.

నేనూ చేతులు ఊరుకోక, ఉతికిన దుప్పటి ఒకటి తీసి, ఇస్త్రీ బల్ల మీద మడతలు పెట్టి, బట్టల క్లిప్పులతో వాడి బెల్టుకి పట్టించాను. కుడి పక్క కుచ్చిళ్ళు బాగానే వచ్చాయి, ఎడమ పక్క గుడ్డ చాలలేదు. వాడు వరండా ఆ చివర నుంచి ఈ చివరకి మొహంలో ఏ భావమూ లేకుండా నడిచాడు. వదిన నవ్వాపుకోలేకపోయింది. అన్నయ్య మాత్రం సీరియస్‌గా చూసి, "నడవడం సరే, ఒకసారి కూర్చో" అన్నాడు.

కూర్చున్నాడు. క్లిప్పులు నాలుగు వేపులకీ ఎగిరిపోయాయి. ఒకటి ఇంకా దొరకలేదు.

చొక్కాలు ఇంకా అయిదు మిగిలాయి. వాటి మీద ఇప్పుడు ఈ దుప్పటొకటి.