పాత లెక్సస్ ఈఎస్ కొనేవారు మైలేజీ కన్నా ముందు చూడవలసినవి

హ్యూస్టన్ పరిసరాల్లో ఉంటున్న మన తెలుగు కుటుంబాల్లో కామ్రీనో అకార్డునో పదేళ్ళపాటు నడిపి, ఆ తర్వాత కాస్త సౌకర్యమైన కారు కావాలనుకునేవారు చాలామంది వాడిన లెక్సస్ ఈఎస్ దగ్గరికే వస్తారు. కొత్తదాని ధరతో పోలిస్తే బాగా తక్కువకు దొరుకుతుంది, ఇంజను చాలాకాలం మన్నుతుంది, వెనక సీట్లో పెద్దవాళ్ళు హాయిగా కూర్చోవచ్చు. కొనేముందు అందరూ అడిగే ప్రశ్న మాత్రం ఒక్కటే: మైలేజీ ఎంత ఇస్తుంది? ఆ ప్రశ్నకు జవాబు కింద వివరంగానే రాశాను. అయితే ఆ కారు మీద ఏయే రీకాల్‌లు (లోపమున్న వాహనాలను తయారీదారు వెనక్కి పిలిచి ఉచితంగా బాగుచేసే ప్రకటనలు) వచ్చాయి, వాటి మరమ్మతు పూర్తయిందా లేదా అన్నది అంతకన్నా ముందు తేల్చుకోవలసిన విషయమని నా గట్టి నమ్మకం.

ఈ కారు చరిత్రలో 2009 ఆగస్టు 28ని మరచిపోవడానికి వీల్లేదు. కాలిఫోర్నియాలోని శాన్ డియేగో సమీపాన శాంటీ వద్ద, ఆ రోజు విధుల్లో లేని ఒక హైవే పోలీసు అధికారి తన కుటుంబంతో కలిసి ఈఎస్ 350లో వెళ్తుండగా యాక్సిలరేటర్ పెడల్ కిందికి దిగి అక్కడే ఇరుక్కుపోయింది. కారు గంటకు 100 మైళ్ళకు మించిన వేగాన్ని అందుకుంది. బ్రేకులు పనిచేయడం లేదని కారులోంచే అత్యవసర సేవల నంబరుకు ఫోన్ చేసి చెబుతుండగానే ప్రమాదం జరిగి నలుగురూ మరణించారు. అది వారి సొంత కారు కాదు. సొంత కారును సర్వీసుకు ఇచ్చినప్పుడు తాత్కాలికంగా వాడుకోవడానికి డీలరు ఇచ్చిన కారు. దానిలో పరిచిన రబ్బరు మ్యాట్ లెక్సస్ వారి మరో పెద్ద వాహనానికి చెందినది కావడంతో, దాని అంచు పెడల్‌ను పట్టేసింది. కొద్ది రోజుల ముందు అదే కారును వాడిన మరొకరు పెడల్ ఇలాగే ఇరుక్కుందని డీలరు దృష్టికి తెచ్చినట్టు కూడా షెరీఫ్ శాఖ దర్యాప్తులో బయటపడింది.

బ్రేకు గట్టిగా తొక్కితే కారు ఆగదా అని చాలామందికి అనుమానం వస్తుంది. పెట్రోలు ఇంజన్లలో బ్రేకుకు అదనపు బలాన్నిచ్చే బూస్టర్, ఇంజను లోపల ఏర్పడే వాక్యూమ్‌పై ఆధారపడి పనిచేస్తుంది. ఇంజనులోకి గాలిని వదిలే థ్రాటిల్ పూర్తిగా తెరుచుకున్నప్పుడు ఆ వాక్యూమ్ దాదాపు ఉండదు కాబట్టి, కంగారులో బ్రేకును వదిలి మళ్ళీ మళ్ళీ తొక్కితే బూస్టర్‌లో నిలవున్న బలం కాస్తా అయిపోయి పెడల్ రాయిలా బిగుసుకుపోతుంది. పైగా ఆనాటి ఈఎస్‌లో బటన్‌తో ఇంజను ఆపాలంటే, కారు నడుస్తున్నప్పుడు దాన్ని మూడు సెకన్లపాటు నొక్కి పట్టుకోవాలి. అంత వేగంలో, అంత భయంలో, అలవాటు లేని కారులో ఆ సంగతి ఎవరికి తడుతుంది?

నిజానికి 2007 సెప్టెంబరులోనే ఈఎస్ 350, కామ్రీలకు చెందిన సుమారు 55 వేల రబ్బరు మ్యాట్‌లను లెక్సస్ మాతృసంస్థ టొయోటా వెనక్కి పిలిచింది. అప్పుడు మ్యాట్‌లను మార్చడంతో సరిపెట్టారు. ఈ నాలుగు ప్రాణాలు పోయాకే 38 లక్షల వాహనాలకు రీకాల్ ప్రకటించి, పెడల్ ఆకారాన్ని మార్చి, బ్రేకు తొక్కగానే ఇంజను శక్తిని తగ్గించే ఏర్పాటును ఈఎస్ వంటి కార్లలో చేర్చారు. ఎలక్ట్రానిక్ లోపం ఉందేమోనని నాసా ఇంజనీర్లు కూడా పరిశీలించగా, అటువంటి ఆధారం కనిపించలేదని 2011 ఫిబ్రవరిలో నివేదిక వచ్చింది. భద్రతా సమస్యలపై వినియోగదారులను తప్పుదోవ పట్టించిన వ్యవహారంలో 2014 మార్చిలో టొయోటా 120 కోట్ల డాలర్లు చెల్లించడానికి ఒప్పుకుంది.

ఆ కాలపు ఈఎస్ కొనేవారు డ్రైవరు వైపు తలుపు తెరిచి, వంగి, నేల మీది మ్యాట్‌ను చేత్తో ముందుకు లాగి చూడాలి. వెనక వైపున్న రెండు కొక్కేలు మ్యాట్ రంధ్రాల్లో బిగిసి ఉంటే అది కదలదు. ఇంజను ఆపి ఉన్నప్పుడు యాక్సిలరేటర్‌ను పూర్తిగా తొక్కి వదిలితే, పెడల్ అంచు ఎక్కడా తగలకుండా పైకి రావాలి. ఒక మ్యాట్ మీద మరొకటి వేసి ఉంటే, అది ఎంత ఖరీదైనదైనా తీసేయాలి.

రెండో రీకాల్ మా టెక్సస్ తీరం వారికి మరీ ముఖ్యం. తకాటా కంపెనీ ఎయిర్‌బ్యాగ్ ఇన్‌ఫ్లేటర్లలో (ఎయిర్‌బ్యాగ్‌ను క్షణంలో ఉబ్బించే భాగాల్లో) వాడిన అమ్మోనియం నైట్రేట్, ఏళ్ళ తరబడి వేడికీ గాలిలోని తేమకూ గురై పాడవుతుంది. అటువంటి ఇన్‌ఫ్లేటర్ ప్రమాద సమయంలో పగిలి, లోహపు ముక్కలను మనుషుల మీదికి చిమ్ముతుంది. అమెరికాలో సుమారు 6 కోట్ల 70 లక్షల ఇన్‌ఫ్లేటర్లు ఈ రీకాల్ కిందికి వచ్చాయి. 2007 నుంచి 2012 వరకు వచ్చిన ఈఎస్ 350లలో ముందు ప్రయాణికుడి వైపు ఎయిర్‌బ్యాగ్ వీటిలో ఒకటి. మన ఇళ్ళల్లో ఆ సీట్లో కూర్చునేది సాధారణంగా అమ్మో నాన్నో భార్యో అయి ఉంటారు. మూడోది ఇంధన పంపు రీకాల్. పంపులో తిరుగుతూ పెట్రోలును తోసే ప్లాస్టిక్ చక్రం, అంటే ఇంపెల్లర్, పెట్రోలును పీల్చుకుని ఉబ్బితే, పంపు ఆగి, నడిరోడ్డు మీద ఇంజను నిలిచిపోవచ్చు. 2020 జనవరిలో దాదాపు 7 లక్షల వాహనాలతో మొదలైన ఈ రీకాల్, ఆ ఏడాది ముగిసేసరికి అమెరికాలో 33 లక్షలు దాటింది. వాటిలో కొన్ని ఈఎస్ 350లు కూడా ఉన్నాయి.

ఇక మైలేజీ. 2013 మోడల్‌లో వీ6 ఇంజనున్న ఈఎస్ 350కి అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ ఈపీఏ లెక్క ప్రకారం గ్యాలనుకు ఊళ్ళో 21, హైవే మీద 31, మొత్తం మీద 24 మైళ్ళు. అదే ఏడాది వచ్చిన, పెట్రోలు ఇంజనుతో పాటు బ్యాటరీతో నడిచే మోటారు కూడా ఉన్న హైబ్రిడ్ ఈఎస్ 300హెచ్‌కు ఇవి వరుసగా 40, 39, 40. మన దేశపు లెక్కలో చెప్పాలంటే లీటరుకు సుమారు 10 కిలోమీటర్లు, 17 కిలోమీటర్లు. ఏడాదికి 12 వేల మైళ్ళు తిరిగేవారికి మొదటిదానికి 500 గ్యాలన్లు, రెండోదానికి 300 గ్యాలన్లు పడతాయి. గ్యాలను మూడు డాలర్లనుకుంటే ఏడాదికి 600 డాలర్ల తేడా. అయితే ఈ తేడా అందరికీ ఒకేలా ఉండదు. పూర్తిగా ఊళ్ళోనే తిరిగితే దాదాపు 270 గ్యాలన్లు మిగులుతాయి, పూర్తిగా హైవే మీదే వెళ్తే 80 గ్యాలన్లు మాత్రమే. బ్రేకు వేసినప్పుడల్లా వృథా అయ్యే శక్తిని బ్యాటరీలోకి మళ్ళించడమే హైబ్రిడ్ బలం. సాఫీగా సాగే దారిలో దానికి ఆ అవకాశం తక్కువ.

మైలేజీ అంకెలను పోల్చేటప్పుడు మరో జాగ్రత్త అవసరం. 2019లో ఈఎస్ 350 సగటు 26కు, హైబ్రిడ్ సగటు 44కు పెరిగాయి. చూడగానే 4 మైళ్ళు పెరిగిన హైబ్రిడ్‌దే పెద్ద మెరుగుదల అనిపిస్తుంది. అదే 12 వేల మైళ్ళకు లెక్కేస్తే 24 నుంచి 26కు పెరిగినందువల్ల 38 గ్యాలన్లు, 40 నుంచి 44కు పెరిగినందువల్ల 27 గ్యాలన్లు ఆదా అవుతాయి. అందుకే కారు అద్దానికి అంటించే పత్రంలో 100 మైళ్ళకు ఎన్ని గ్యాలన్లు పడతాయో చిన్న అక్షరాల్లో ఉండే అంకెనే చూడమని అడిగినవారందరికీ చెబుతుంటాను. 2013 హైబ్రిడ్‌లో బ్యాటరీ కొంత చోటు ఆక్రమించడం వల్ల డిక్కీ 15.2 ఘనపుటడుగుల నుంచి 12.1కి తగ్గింది. ఇండియా నుంచి వచ్చే తల్లిదండ్రుల నాలుగు పెద్ద సూట్‌కేసులను ఎయిర్‌పోర్టు నుంచి తెచ్చుకోవలసినవారు ఇది గుర్తుంచుకోవాలి.

రీకాల్ సంగతి తెలుసుకోవడానికి పైసా ఖర్చు లేదు. డ్రైవరు వైపు ముందు అద్దం మూలలో బయటినుంచే కనిపించే 17 అక్షరాల వీఐఎన్‌ను (వాహన గుర్తింపు సంఖ్యను) అమెరికా రహదారి భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ వెబ్‌సైట్‌లో టైపు చేస్తే, పెండింగులో ఉన్న రీకాల్‌లు కనిపిస్తాయి. మరమ్మతు అవసరమైన కొత్త కారును డీలరు అమ్మకూడదని, పెద్ద అద్దె కార్ల సంస్థలు అటువంటి వాహనాలను బాగుచేయకుండా అద్దెకివ్వకూడదని ఫెడరల్ చట్టం ఉంది. వాడిన కార్ల అమ్మకానికి మాత్రం అటువంటి నిషేధం లేదు. నాకు ఇది చాలా అన్యాయంగా తోస్తుంది, ఎందుకంటే పాత కారు కొనేది ఎక్కువగా డబ్బు చూసుకుని ఖర్చు పెట్టే కుటుంబాలే. మన దేశంలో 2019 మోటారు వాహనాల సవరణ చట్టం ప్రభుత్వానికి రీకాల్ చేయించే అధికారం ఇచ్చింది. 2021 ఏప్రిల్ 1 నుంచి అమలైన నిబంధనల ప్రకారం తయారీదారుపై 10 లక్షల నుంచి కోటి రూపాయల వరకు జరిమానా వేయవచ్చు, కానీ ఏడేళ్ళ లోపు వాహనాలకే అది వర్తిస్తుంది.

కాబట్టి బేరం కుదిరాక, డబ్బు చేతులు మారకముందే, పెండింగు రీకాల్‌లన్నీ లెక్సస్ సర్వీసు కేంద్రంలో చేయించి, ఆ బిల్లు ప్రతిని ఇవ్వమని అమ్మేవారిని అడగండి. మరమ్మతు ఉచితమే కనుక వారికి పోయేది సగం రోజు సమయం మాత్రమే. కొన్న తర్వాత మీ పేరూ చిరునామా తయారీదారు దగ్గర నమోదు చేయించుకోండి. లేకపోతే వచ్చే రీకాల్ ఉత్తరం పాత యజమాని ఇంటికి చేరవచ్చు.