సాల్వెంట్ లేదు కదా పిన్నీ

ఆదివారం, రాత్రి పదిన్నర.

ఈ ఉదయం, వారం రోజుల మీగడను తోడువేసి దాచిన గిన్నెను ఫ్రిజ్‌లోంచి తీసి చిలకడానికి కూర్చున్నాను. పద్మారావునగర్‌లో తెల్లవారుజాము నుంచి ముసురు పట్టి ఉన్నా ఉక్కపోత మాత్రం తగ్గలేదు, ఎంతసేపు కవ్వం తిప్పినా వెన్న కట్టలేదు. అదే సమయానికి హాస్టల్ నుంచి మా అక్క కొడుకు వచ్చాడు. రెండు గ్లాసుల ఐసు నీళ్ళు తెచ్చి పోయమన్నాను. పోసిన కాసేపటికే చల్లదనానికి కొవ్వు గట్టిపడి, నూకల్లాంటి పలుకులుగా తేలి, చూస్తుండగానే ముద్దకట్టింది. వాడు ఆ గిన్నెలోకి వంగి చూస్తూ అడిగాడు: "పిన్నీ, గంజాయి నుంచి కూడా ఇలాగే తీస్తారట కదా? ఐసు నీళ్ళతోనో, వేడిచేసి నొక్కడంతోనో. సాల్వెంట్ చుక్క కూడా వాడరట. కెమికల్ లేనప్పుడు అందులో తప్పేముంది?"

వాడి రూమ్‌మేట్ అలాంటి వీడియోలు చూసి, అందుకు కావలసిన చిన్న యంత్రం కొనడానికి నలుగురినీ డబ్బులు వేసుకుందామని అంటున్నాడట. నాకు గుండె ఝల్లుమన్న మాట నిజమే, కానీ కోప్పడలేదు. డిగ్రీ కళాశాలలో 26 ఏళ్ళు రసాయనశాస్త్రం చెప్పిన నాకు, ఆ ప్రశ్నలో సగం మంచి ప్రశ్నేనని వెంటనే అర్థమైంది. మంచి ప్రశ్నకు తిట్టు జవాబు కాదు. వాడిని వెంటబెట్టుకుని బాల్కనీలోని తులసి కుండీ దగ్గరకు తీసుకువెళ్ళి, నా పాత భూతద్దం చేతికిచ్చాను.

వాన ఆగిన వెలుతురులో తులసి ఆకు అడుగుభాగాన్ని భూతద్దంలోంచి చూస్తే, దాని ఈనెల సందుల్లో సూదిమొన చుక్కల్లా మెరిసే గ్రంథులు కనిపిస్తాయి. తులసి సువాసన అంతా ఉండేది ఆ చుక్కల్లోని నూనెలోనే, ఆకును వేళ్ళ మధ్య నలిపితే అవి చితికి వాసన గుప్పుమంటుంది. వాడు నలిపి, వాసన చూసి, మళ్ళీ భూతద్దం పెట్టి, చుక్కలు చెదిరిన చోటును నాకు చూపించాడు. గంజాయి పూత మీద కూడా ఇటువంటి గ్రంథులే ఉంటాయనీ, వాటి జిగురు ఆకు లోపల కాక పైనే ఉంటుంది కాబట్టి దాన్ని వేరుచేయడానికి కరిగించి లాగే ద్రావణి, అంటే వాడు చెప్పిన సాల్వెంట్, అవసరం లేదనీ, హిమాలయాల్లో తరతరాలుగా అరచేతులతో రుద్ది చరస్ తీయడం వెనక ఉన్నది కూడా ఇదేననీ చెప్పాను. కొత్త పేరు పెట్టుకుని వీడియోల్లో తిరుగుతున్న ఆ పదార్థం చరస్‌కు తమ్ముడే తప్ప కొత్త వస్తువు కాదు.

ద్రావణి లేకపోవడంలో ఒక నిజమైన లాభం ఉందని కూడా వాడితో ఒప్పుకున్నాను, ఎందుకంటే అది దాచిపెడితే నా తక్కిన మాటలు నమ్మడు. మన వంటగ్యాస్ సిలిండర్‌లో ప్రొపేన్‌తో కలిసి ఉండే బ్యూటేన్‌ను ఇళ్ళలో ద్రావణిగా వాడబోయి, ఆ వాయువు నేల మీదుగా పరుచుకుని నిప్పంటుకుని, అమెరికాలో వంటగదులే పేలిపోయిన సంఘటనలు ఉన్నాయి. ఐసు నీళ్ళకు ఆ ప్రమాదం లేదు, బ్యూటేన్ అవశేషమూ మిగలదు. అంతవరకే. 1964లో మెషూలమ్, గవోనీ అనే ఇజ్రాయెల్ శాస్త్రవేత్తలు శుద్ధరూపంలో వేరుచేసిన, గంజాయిలో మత్తు కలిగించే టీహెచ్‌సీ అనే అణువుకు, తనను నీళ్ళతో తీశారా బ్యూటేన్‌తో తీశారా అన్నది తెలియదు. మెదడులో అది చేసే పని ఒక్కటే. పైగా కొవ్వులో కరిగే పురుగుమందులు ఏవైనా ఆ మొక్క మీద చల్లి ఉంటే అవి కూడా జిగురుతో పాటే వచ్చి చిక్కబడతాయి. ఎవరు పండించారో, ఏం చల్లారో అడిగే దిక్కులేని సరుకులో ఆ భయం ఇంకా ఎక్కువ.

పూతలో సాధారణంగా 15 నుంచి 25 శాతం దాకా ఉండే టీహెచ్‌సీ, ఇలా తీసిన ముద్దలో 60 శాతం దాటడం మామూలే. 2019లో లాన్సెట్ సైకియాట్రీ పత్రికలో వచ్చిన అధ్యయనంలో, ఘాటైన గంజాయిని రోజూ వాడేవారికి సైకోసిస్, అంటే లేనివి వినిపించి, కనిపించి వాస్తవంతో సంబంధం తెగిపోయే మానసిక వ్యాధి, వచ్చే అవకాశం ఎన్నడూ వాడనివారి కంటే దాదాపు ఐదు రెట్లు ఎక్కువగా కనిపించింది. ఆ పరిశోధకులు ఘాటైనది అని గీత గీసింది 10 శాతం టీహెచ్‌సీ దగ్గర. ఆ ఒక్క అంకె విన్నాక వాడు చాలాసేపు మాట్లాడలేదు.

నేను కూడా మాట్లాడలేకపోయాను, ఎందుకంటే నాకు ఆ సమయంలో నా పాత విద్యార్థి ఒకడు గుర్తొచ్చాడు. టైట్రేషన్‌లో బ్యూరెట్ కొళాయిని రెండు వేళ్ళతో తిప్పుతూ, చివరి చుక్కను సగానికి ఆపి, గాజుకడ్డీతో అందుకునేంత నేర్పు వాడి చేతిలో ఉండేది. మూడో సంవత్సరంలో, గోడ అవతల నుంచి ఎవరో తన గురించే మాట్లాడుతున్నారని ల్యాబ్‌లో నాతో చెప్పాడు. అవతల ఎవరూ లేరు. గంజాయి అలవాటు సంగతి వాళ్ళ నాన్నగారు ఎర్రగడ్డ ఆసుపత్రి నుంచి ఫోన్ చేసినప్పుడు తెలిసింది. కారణం అదొక్కటేనని నేను చెప్పలేను గానీ, ఆ చేతులు వణుకుతుంటే చూసిన దాన్ని, మరిచిపోలేను.

మధ్యాహ్నం భోజనాలయ్యాక చట్టం సంగతి వచ్చింది. ఆ వీడియో చేసినవాళ్ళది కెనడా. 2018 అక్టోబరు నుంచి అక్కడి కేంద్ర చట్టం ఇంటికి నాలుగు మొక్కలు పెంచుకోనిస్తుంది, ఇంట్లో సారం తీసుకోవడానికి కూడా ఒప్పుకుంటుంది గానీ ఆర్గానిక్ సాల్వెంట్లు వాడకూడదంటుంది. అందుకే అక్కడ 'సాల్వెంట్ లేదు' అన్న మాటకు చట్టంలో విలువ ఉంది. ఆ మాట సముద్రం దాటి హైదరాబాద్ హాస్టల్ గదికి వచ్చేసరికి ఆ విలువ పోయి ధైర్యం మాత్రం మిగిలింది. మాదకద్రవ్యాల మీద మన 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టంలో చరస్ అంటే ముడిదైనా, శుద్ధి చేసినదైనా, ఏ రూపంలో ఉన్నా సరే, గంజాయి మొక్క నుంచి వేరుచేసిన జిగురు. ఉత్పత్తి అనే మాటకు అది ఇచ్చే నిర్వచనంలోనూ 'వేరుచేయడమే' ఉంది. ఎలా వేరుచేశావని అది అడగదు. పైగా గంజాయికి కిలో వరకు చిన్న పరిమాణమైతే, చరస్‌కు 100 గ్రాముల వరకే. గంజాయికి 20 కిలోల దగ్గర మొదలయ్యే వాణిజ్య పరిమాణం చరస్‌కు ఒక కిలో దగ్గరే మొదలవుతుంది, అక్కడ కనీస శిక్ష పదేళ్ళు. చిన్న పరిమాణానికి కూడా ఏడాది వరకు కఠిన కారాగారం ఉంది. క్యాంపస్ ఇంటర్వ్యూల కోసం ఎదురుచూస్తున్న పిల్లవాడికి కేసు నమోదైతే చాలు, శిక్ష దాకా అక్కర్లేదు.

"అయితే నా రూమ్‌మేట్ సంగతి ఏం చేయను పిన్నీ, వార్డెన్‌కు చెప్పనా?" అని అడిగాడు. వాడి గొంతులో భయం తన కోసం కాదు. రూమ్‌మేట్ రోజూ తాగుతున్నాడా అంటే తల వంచుకున్నాడు. అదే చట్టంలోని 64ఏ సెక్షన్ ప్రకారం, వాడకం కేసులోనో చిన్న పరిమాణం కేసులోనో ఉన్న వ్యసనపరుడు తనంతట తాను ప్రభుత్వ గుర్తింపు ఉన్న చోట చికిత్సకు వెళ్ళి పూర్తిచేస్తే ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ ఉందని చెప్పి, వ్యసన విముక్తి హెల్ప్‌లైన్ 14446 అంకెను వాడి ఫోన్‌లోకి ఎక్కించాను. డబ్బులు మాత్రం వేయవద్దన్నాను, వేయనని చేతిలో చెయ్యి వేశాడు.

సాయంత్రం బస్సెక్కించి వచ్చేసరికి వెన్న ముద్ద నీళ్ళలో అలాగే ఉంది, కాచే ఓపిక లేక మూతపెట్టేశాను. తొమ్మిదింటికి వాడి మెసేజ్ వచ్చింది. భూతద్దం పొరపాటున వాడి బ్యాగులో వెళ్ళిపోయిందట, రూమ్‌మేట్ దాన్ని తీసుకుని చేతికందిన ఆకునల్లా చూస్తున్నాడట, వచ్చే ఆదివారం ఇద్దరూ వస్తారట. ఆ రూమ్‌మేట్‌కు ఏ కూర ఇష్టమో కనుక్కోమని జవాబు పెట్టాను. ఇంకా రాలేదు.