ఇరవై ఒక్క రోజుల దుకాణం

"ఇరవై ఒక్క రోజులా? ఆ తర్వాత ఏమైతది మరి?"

షట్టర్ తాళం చేతిలో తిప్పుతూ ఓనర్ అంకుల్ అడిగిన మొదటి ప్రశ్న ఇది. తర్వాతి రెండు నెలల్లో పక్క కిరాణా అన్న అడిగాడు, జీఎస్టీ పని చూసే తమ్ముడు అడిగాడు, మా అమ్మ రోజూ అడిగింది. "ఏమీ కాదు, మూసేస్తాం" అంటే ఒక్కరికీ నచ్చలేదు. మూసేయడానికి దుకాణం తెరిచేవాళ్లు ఎవరుంటారు?

ముందు నేను ఏం అమ్ముతానో చెప్పాలి. వరంగల్ కొత్తవాడలో నేసే జంపఖానా బట్టతో కోట్లు, చేతుల్లేని జాకెట్లు కుట్టిస్తాను. ఒక చెయ్యి పొడుగు, ఒకటి పొట్టి. కుట్టు లోపల కాకుండా బయటికి. గుండీలు కాస్త పక్కకు. వరంగల్ జంపఖానాలకు 2018లో జీఐ గుర్తింపు, అంటే ఇది ఈ ఊరి ప్రత్యేక సరుకన్న ముద్ర, వచ్చినా, ఇక్కడ చాలామందికి అవి పెళ్లి పందిట్లో పరిచేవే. నేసే మామని పేకలో, అంటే అడ్డం నేతలో, పోగులు తగ్గించి పల్చగా నేయమని అడిగినప్పుడు, పోగులు దట్టించే పంజా పక్కన పెట్టి నన్ను కిందినుంచి మీదికి చూశాడు. "పరుసుకునేదాన్ని తొడుక్కుంటరా?" అన్నాడు. తొడుక్కుంటారని నాకూ గ్యారంటీ లేదు కాబట్టి నవ్వేశాను.

తాత్కాలిక దుకాణం ఆలోచన నా సొంతం కాదు. జపాన్‌కు చెందిన కామ్ దె గార్సాన్ అనే బట్టల బ్రాండు 2004లో బెర్లిన్‌లో, అంతకుముందు పుస్తకాల షాపుగా ఉన్న ఒక గదిలో, గెరిల్లా స్టోర్ పేరుతో దుకాణం తెరిచింది. ఆ బ్రాండు పెట్టిన రేయి కవకుబో 1982లో చిల్లుల స్వెటర్ చూపించి పారిస్ వాళ్లను బెదరగొట్టిన మనిషి. ఆ దుకాణాలకు కొన్ని నియమాలు పెట్టుకున్నారు. లాభం వచ్చినా సరే ఏడాది దాటి ఉంచకూడదు. గదిని పెద్దగా మార్చకూడదు. పెద్ద బజారుకు దూరంగా ఉండాలి. పాత సీజన్ బట్టలు, కొత్తవి కలిపి అమ్మాలి. అద్దె బాధ్యత స్థానికంగా నడిపేవాళ్లది, సరుకు కంపెనీది, అమ్ముడుపోనిది వెనక్కి. వార్సా, హెల్సింకి లాంటి చోట్ల కూడా తెరిచి, ఒక్కొక్కటిగా మూసేశారు. హైదరాబాద్‌లో డిజైన్ చదువుకునేటప్పుడు ఇది చదివి నోట్‌బుక్‌లో రాసుకున్నాను. నాకైతే సరుకు పంపే కంపెనీ లేదు. అద్దె నాదే, సరుకు నాదే, మిగిలిపోయేదీ నాదే.

హనుమకొండలో నక్కలగుట్ట, సుబేదారి వైపు అడిగితే పదకొండు నెలల అగ్రిమెంట్, ఆరు నెలల అడ్వాన్స్ తప్ప వేరే మాట లేదు. ఒకాయనైతే "ఎగ్జిబిషన్ పెట్టుకో, ఫంక్షన్ హాల్ ఇస్తా" అన్నాడు. చివరికి వరంగల్ గిర్మాజీపేటలో మూతపడ్డ ప్రింటింగ్ ప్రెస్ గది దొరికింది. ఓనర్ అంకుల్ వాళ్ల నాన్న ఆజంజాహి బట్టల మిల్లులో పనిచేసి, అది మూతపడ్డాక ఈ ప్రెస్ పెట్టారట. గోడల నిండా శుభలేఖల నమూనాలు, పసుపు అంచుల కార్డులు, వినాయకుడి బొమ్మలు. ఒక మూల సీసం అక్షరాలు పెట్టే చెక్క అరలు. నాకు లోపలికి అడుగుపెట్టగానే నచ్చేసింది. ఆయనకు మాత్రం నేను అర్థం కాలేదు. బెర్లిన్ కథ చెప్పాను, ఫోన్‌లో ఫొటోలు చూపించాను. ఊహూ. విసుగొచ్చి, "మేడారం జాతరలో దుకాణాలు పెడతారు కదా అంకుల్, జాతర కాగానే విప్పేస్తారు, అట్లాంటిది" అన్నాను.

"గట్ల చెప్పవేంది బిడ్డా ముందే!" అని అప్పటికప్పుడు తాళం చేతిలో పెట్టాడు. అడ్వాన్స్ లేదు, సర్దుకునే రోజులతో కలిపి ఇరవై ఐదు రోజులకు పన్నెండు వేలు. రెండేళ్లకోసారి ఊరంత బజారు లేచి, నాలుగు రోజుల్లో మాయమయ్యే జాతర పక్కనే పుట్టి, ఆ ముక్క ముందే తట్టనందుకు సిగ్గేసింది.

ఇక కాగితాలు. వంద రూపాయల స్టాంపు పేపర్ మీద అగ్రిమెంట్, నోటరీ, ఒక పూటలో అయిపోయాయి. ట్రేడ్ లైసెన్స్ పాత ప్రెస్ పేరు మీద ఉంది, వ్యాపారం మారింది కాబట్టి పనికిరాదు. మీసేవలో కొత్తదానికి పెట్టాను. గది వైశాల్యం, ముందున్న రోడ్డు వెడల్పు చూసి ఫీజు వేస్తారు. సందులో గది దొరకడం ఇక్కడ కలిసొచ్చింది.

అసలు టెన్షన్ జీఎస్టీ దగ్గర. తెలంగాణలో సరుకు అమ్మేవాళ్లకు ఏడాదికి 20 లక్షలు దాటితేనే రిజిస్ట్రేషన్ తప్పనిసరి. కానీ నేను ఆన్‌లైన్‌లో వేరే రాష్ట్రాలకు అమ్ముతాను కాబట్టి ముందే తీసుకున్నాను. ఒకసారి నంబర్ ఉన్నాక, కొత్త చోట అమ్మాలంటే ఆ చోటును అదనపు వ్యాపార స్థలంగా పోర్టల్‌లో చేర్చాలి. రెగ్-14 అనే దరఖాస్తు. దానికి ఓనర్ సమ్మతి పత్రం, కరెంటు బిల్లో ఆస్తి పన్ను రసీదో కావాలి. కరెంటు బిల్లు చూస్తే చనిపోయిన పెద్దాయన పేరు మీద ఉంది, పైగా బాకీ. సమ్మతి ఇచ్చింది కొడుకు, బిల్లు తండ్రిది. దరఖాస్తు మీద ప్రశ్న వేసి వెనక్కి పంపారు. అంకుల్ బీరువా అంతా వెతికి, తన పేరు మీద మారిన ఆస్తి పన్ను రసీదు తీసి ఇచ్చేసరికి నాలుగు రోజులు పోయాయి. డిసెంబర్ 1న తెరుద్దామనుకున్నది 8కి పడింది. ఇట్లాంటిది పెట్టాలనుకునేవాళ్లు గది రంగుల గురించి తర్వాత ఆలోచించండి, ముందు కరెంటు బిల్లు మీద ఎవరి పేరుందో చూడండి.

ధరల దగ్గర ఇంకో లెక్క. 2025 సెప్టెంబర్ 22 నుంచి రెడీమేడ్ బట్టలకు ఒక్కోదానికి 2,500 రూపాయల దాకా 5 శాతం, అది దాటితే 18 శాతం పన్ను. చేతుల్లేని జాకెట్ 2,200కే ఆపాను. కోటు 4,200, దాని మీద 18 శాతం. కొనేవాళ్లకు ఆ మాట చెప్పేటప్పుడు నా గొంతు నాకే చిన్నగా వినపడేది. ప్రతిదానికీ చీటీ కూడా ఉండాలి: విడిగా అమ్మే బట్ట మీద ఎంఆర్‌పి, సైజు సెంటీమీటర్లలో కూడా, తయారుచేసినవాళ్ల పేరు, అడ్రస్, ఫిర్యాదుకు ఫోన్, మెయిల్. ముప్పై ఎనిమిది చీటీలు రాత్రి ఒంటిగంట దాకా కూర్చుని నేనే రాశాను.

గదిని మార్చకూడదన్న నియమం మాత్రం హాయిగా పాటించాను. బూజు దులిపి, ఇనుప పైపులు వేలాడదీసి, నాలుగు బల్బులు పెట్టాం. శుభలేఖలు గోడ మీదే ఉంచాను. బయట ప్రెస్ బోర్డు కూడా తీయలేదు, స్టైల్‌గా ఉంటుందని. అదే కొంప ముంచింది. మొదటి మూడు రోజుల్లో లోపలికి వచ్చినవాళ్లు పదకొండు మంది, అందులో ఏడుగురు పెళ్లి కార్డుల కోసం. గోడ మీద నమూనాలు కూడా కనపడుతున్నాయాయె. "నూరు కార్డులు ఎంతకిస్తవమ్మా?" అంటే ఏం చెప్పాలి? ఒక పెద్దమనిషి, "కార్డులు లేనప్పుడు బోర్డెందుకు" అని తిట్టి మరీ పోయాడు. బెర్లిన్‌లో పాత గది రూపు అలాగే ఉంచడం అందం కావచ్చు, గిర్మాజీపేటలో బోర్డంటే మాటివ్వడం. నాలుగో రోజు బోర్డు మీద గుడ్డ కప్పి, అట్ట మీద "జంపఖానా కోట్లు, 28వ తారీఖు దాకా" అని రాసి తగిలించాను.

ఆ అట్టతో జనం రావడం మొదలైంది, దాంతోపాటు అసలు ప్రశ్న కూడా. కుట్టు బయటికి ఎందుకుందని అడిగితే జవాబు ఉంది. ఒక చెయ్యి ఎందుకు పొట్టి అంటే దానికీ ఉంది. ఒక టీచరమ్మ, కాజీపేట ఆమె, నీలం చారల జాకెట్ వేసుకుని అద్దంలో ముందూ వెనకా చూసుకుంది. జేబులో చెయ్యి పెట్టి లాగి చూసింది. డబ్బులు తీయబోతూ ఆగి, "ఇరవై ఎనిమిది తర్వాత ఇది చినిగితే నిన్నెక్కడ పట్టుకోవాలె?" అంది. నా దగ్గర జవాబు లేదు. చీటీ మీద ఫోన్ నంబర్ ఉందంటే, "నంబర్ మారుస్తరు గదా" అంది. కొనకుండానే వెళ్లిపోయింది.

ఆ రాత్రి కొత్తవాడలో మా బట్టలు కుట్టే టైలరన్న దగ్గరికి వెళ్లాను. ఏడాది పాటు గుండీ ఊడినా, కుట్టు విడిపోయినా ఆయన దుకాణంలో ఉచితంగా బాగుచేసేటట్టు, ఆ డబ్బు నేను ఇచ్చేటట్టు మాట్లాడుకున్నాం. ఆయన రబ్బరు స్టాంపునే అరువు తెచ్చుకుని ప్రతి బిల్లు వెనక వేశాను. మర్నాటి నుంచి "పదిహేనేండ్ల సంది ఒక్క కాడనే ఉన్న దుకాణం" అని ఆ ముద్ర చూపించేదాన్ని. టీచరమ్మ మూడు రోజుల తర్వాత మళ్లీ వచ్చింది. ముద్రను బల్బు వెలుగులో చదివి జాకెట్ తీసుకుంది. నా దుకాణం ఉండిపోదని తెలిసీ కొన్నారంటే, ఆయన ఉండిపోయేవాడు కాబట్టే.

రెండో వారంలో నేత మామ, అత్త వచ్చారు. మామ ఏమీ మాట్లాడకుండా కోట్లన్నీ ఒక్కొక్కటిగా తిప్పాడు. అంగడిలో బియ్యం చూసినట్టు చూశాడు. ఒక కోటు ముందు భాగం వేళ్ల మధ్య పెట్టి పైనుంచి కిందిదాకా జరిపాడు, ఏదో వెతుకుతున్నట్టు.

"అంచేది?"

"కత్తిరించాను మామా. పోగులు వేలాడితే బాగుంటుందని."

కాసేపు ఊకున్నాడు. "బట్టంత ఒకెత్తు, అంచొకెత్తు. నాడె మలిపేటప్పుడు పోగు గుంజితే అంచు వంకర పోతది, ఇడిస్తే ఉబ్బుతది. గది సక్కగ రానీకె నాకు పదేండ్లు పట్టింది. నువ్వు గదే తీసి చెత్తల పారేస్తివి."

అత్త "పోనియ్ తీ, పిల్లకేం తెలుసు" అంటూ కొంగు నోటికడ్డం పెట్టుకుంది. నేనేం అనలేకపోయాను. పోగులు వదిలేయడం తిరుగుబాటు అని కాలేజీలో నేర్చుకున్నాను. ఎవరి పని మీద తిరుగుబాటో ఎప్పుడూ ఆలోచించలేదు. ఆ రాత్రి ఇంట్లో మిగిలిన బట్ట విప్పి చూస్తే అంచు నిజంగానే గీత గీసినట్టుంది. ఇంకా కుట్టని నాలుగు కోట్లకు ఆ అంచునే ముందు పట్టీగా పెట్టించాను, కుట్టు లేకుండా. మిగతా వంకరలన్నీ అలాగే ఉంచాను. ఆ నాలుగూ ముందు అమ్ముడయ్యాయి.

28న మూసేసరికి ముప్పై ఎనిమిదిలో ఇరవై మూడు పోయాయి: జాకెట్లు పదిహేను, కోట్లు ఎనిమిది. పన్ను పక్కన పెడితే 66,600. అద్దె 12,000, కాగితాలకు 2,100, పైపులు బల్బులకు 3,800, తోడున్న చెల్లెకు జీతం 10,500, బట్ట, కుట్టుకూలి కలిపి 32,000. చేతిలో మిగిలింది 6,200, ఇంకా పదిహేను బట్టలు. నా జీతం ఈ లెక్కలో లేదు. ఉంటే నష్టమే.

చివరి వారంలోనే గిరాకీ పెరిగింది. అంకుల్ వచ్చి, "ఇప్పుడిప్పుడే బోణీ అయితుంటే మూసుడేంది? నెలకు ఎనిమిది వేలియ్యి, ఉండిపో" అన్నాడు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. కానీ అట్ట మీద 28 అని రాశాను. తారీఖు చూసుకుని పరిగెత్తుకొచ్చి కొన్నవాళ్లున్నారు. 29న కూడా తెరిచి ఉంటే వాళ్ల ముఖం ఎట్లా చూడాలి? పైపులు విప్పి, శుభలేఖలకు పట్టిన దుమ్ము ఇంకోసారి తుడిచి, తాళం ఇచ్చేశాను. పోర్టల్‌లో ఆ అడ్రస్ తీసేయడానికి మళ్లీ అదే దరఖాస్తు పెట్టాలి, మర్చిపోకండి.

సంక్రాంతి అయ్యాక టైలరన్న ఫోన్ చేశాడు. కాజీపేట టీచరమ్మ జేబు కుట్టు విడిపోయిందని బిల్లు పట్టుకుని వచ్చిందట. "కుట్టిచ్చిన చెల్లె, ఇరవై రూపాలు నీ ఖాతాల రాసిన" అన్నాడు. పెట్టేయబోతూ, "గా పదిహేను నీ ఇంట్లనే ఉన్నయా? రెండు పంపియ్, ఇక్కడ మొలకు తగిలేస్త. ఆమె ఎంబడి వచ్చినామె అంచున్నది కావాలంటున్నది" అన్నాడు.

అంచున్నవి నాలుగూ ఎప్పుడో అయిపోయాయి. మామకు ఫోన్ చేశాను.