పిల్లలతో మేడారంలో హెలికాప్టర్ ఎక్కాం: నా అనుభవం

మేడారం సమ్మక్క-సారలమ్మ జాతర నుంచి వచ్చాక బ్యాగులు ఇంకా విప్పలేదు. మనసులో ఉన్నది ఉన్నట్టు ఇప్పుడే రాసేస్తున్నాను. వచ్చే జాతరకి చిన్నపిల్లలతో హెలికాప్టర్ ఎక్కుదామనుకునేవాళ్లు మన హనుమకొండ, వరంగల్, కరీంనగర్ వైపు చాలామందే ఉంటారు. వాళ్లకి పనికొస్తుంది. నా కడుపుమంట కూడా కొంత తగ్గుతుంది.

మాకు ఇద్దరు పిల్లలు. పెద్దదానికి ఆరేళ్లు, చిన్నోడికి మూడు దాటాయి. మన దగ్గర పిల్లలకి విమానమంటే ఎక్కడో ఆకాశంలో పోయే తెల్ల గీత, అంతే. నిజాం కాలంలో కట్టిన మామునూరు ఎయిర్‌పోర్టు 1981 నుంచి మూతపడే ఉంది. 2025లో కేంద్రం అనుమతి ఇచ్చిందని సంతోషపడ్డాం కానీ, అక్కడ విమానం దిగేసరికి మా పిల్లలు ఏ క్లాసుకి వస్తారో. అందుకే జాతరలో తల్లుల గద్దెల మీదుగా, జంపన్న వాగు మీదుగా కొన్ని నిమిషాలు తిప్పి తీసుకొచ్చే హెలికాప్టర్ అంటే మా ఇంట్లో అంత మోజు. 2024 జాతరలో దానికి తలకి 4,800 రూపాయలు. అప్పుడు చిన్నోడు మరీ చిన్నవాడని ఆగిపోయాం. ఈసారి ఎక్కాల్సిందేనని నేనే పట్టుబట్టాను.

టికెట్లు, ఆధార్ కార్డులు, అవన్నీ మా ఆయన చూసుకున్నారు. అందులో చెప్పుకోవాల్సినంత కష్టమేం లేదు.

పిల్లల్ని సిద్ధం చేసే పని నాది. మా తమ్ముడి స్నేహితుడు ఒకతను హైదరాబాద్‌లో చిన్న విమానం నడపడం నేర్చుకుంటున్నాడు, నలుగురు పట్టే సెస్నా. ఫోన్ చేస్తే చాలాసేపు ఓపిగ్గా చెప్పాడు. "అక్కా, చాలామంది పిల్లలు ఎత్తుకి భయపడరు, చప్పుడుకి భయపడతారు" అన్నాడు. పెద్ద విమానంలోలా కాకుండా చిన్న విమానంలో, హెలికాప్టర్‌లో ఇంజన్ మన నెత్తి మీదో ముందో ఉన్నట్టే ఉంటుంది. పైకి లేచేటప్పుడు ఒక రకం చప్పుడు, దిగేటప్పుడు ఇంకో రకం. ముందే చెప్పకపోతే, చప్పుడు మారగానే ఏదో విరిగిపోయిందని పిల్లలు బెదిరిపోతారు. పెద్దవాళ్ల హెడ్‌సెట్లు చిన్న తలకి నిలవవు, పిల్లల సైజువి మీరే కొనుక్కోండి అని కూడా చెప్పాడు.

చప్పుడు తగ్గేలా చెవులకి పెట్టే మఫ్స్ రెండు జతలు తెప్పించాను. ఇక రోజూ సాయంత్రం మా వంటింట్లో అదే పని. మిక్సీలో శనగపప్పు పోసి ఆన్ చేయడం, చెవులకి మఫ్స్ పెట్టడం, తీయడం, మళ్లీ పెట్టడం. మొదట్లో మిక్సీ మోగితే గదిలోకి పారిపోయే చిన్నోడు, తర్వాత తర్వాత మఫ్స్ తానే పెట్టుకుని "అమ్మా, ఇప్పుడు తిప్పు" అనే దాకా వచ్చాడు. హాల్లో కుర్చీలు రెండు వరుసలు వేసి చున్నీలతో బెల్టులు కట్టాను. టేబుల్ ఫ్యాన్ ఎదురుగా పెట్టి, గాలి ఇంకా గట్టిగా కొడుతుంది, కళ్లద్దాలు పెట్టుకోవాలి అని చెప్పాను. పెద్దదానికి ఇంకో ముఖ్యమైన సంగతి నేర్పాను. హెలికాప్టర్ దగ్గరికి ఎప్పుడూ ముందు వైపు నుంచే, పైలట్‌కి కనపడేలా, చేయి పట్టుకుని, తల వంచుకుని పోవాలి. తోక వైపు పోనే కూడదు, అక్కడ తిరిగే చిన్న రెక్క కంటికి ఆనదు. అది ఎంత బాగా పట్టుకుందంటే, అక్కడ లైన్లో ముందున్న పిల్లలందరికీ ఇదే విషయం చేతులు ఊపుతూ చెప్పింది. ఒక పెద్దాయన "ఎవరమ్మాయమ్మా" అని అడిగితే నాకు గర్వంగా అనిపించింది. ఎందుకు అనిపించదు?

పొద్దున్నే బయలుదేరాం. ములుగు దగ్గర గట్టమ్మ తల్లికి మొక్కుకుని, పస్రా మీదుగా మేడారం. వాగులో స్నానాలు, దర్శనం, పెద్దదాని పేరున మొక్కుకున్న ఎత్తు బంగారం, అన్నీ అయ్యాయి. తెలియనివాళ్లకి చెప్తున్నా, అక్కడ బంగారమంటే బెల్లమే. మనిషిని కాంటా మీద కూర్చోబెట్టి, ఆ బరువుకి సరిపడా బెల్లం జోకి తల్లులకి సమర్పిస్తాం.

ఆ తర్వాత హెలిప్యాడ్.

అసలు విషయం ఇక్కడే. హెలికాప్టర్ ఎక్కేముందు ప్రతి మనిషినీ తూకం వేస్తారని మాకు ఎవరూ చెప్పలేదు. టికెట్ మీద లేదు, ఫోన్లో మాట్లాడినవాళ్లు అనలేదు. టెంట్ ముందు అందరికీ కనపడేలా నేల మీద బరువు చూసే మిషన్ పెట్టారు, పక్కన రిజిస్టర్ పట్టుకుని ఒకాయన. మా ఆయన ఎక్కి దిగారు, పెద్దది ఎక్కి దిగింది. చిన్నోడిని ఎక్కమనగానే కాళ్లు ముడుచుకుని నా మెడకి వేలాడిపోయాడు. "సూది వద్దమ్మా, సూది వద్దు" అని ఒకటే ఏడుపు.

నాకు వెంటనే అర్థమైంది. వాడు పుట్టినప్పటి నుంచి టీకాకి వెళ్లిన ప్రతిసారీ ముందు బరువు చూస్తారు, తర్వాత తొడ మీద సూది గుచ్చుతారు. వాడి లెక్కలో ఆ మిషన్ ఎక్కితే తర్వాత సూదే. హెలికాప్టర్ రెక్కల చప్పుడుకి బెదరని పిల్లోడు ఆ మిషన్ చూసి బెదిరిపోయాడు.

ఆ రిజిస్టర్ ఆయనకి ఇదంతా చెప్పబోయాను. వినలేదు. "మేడమ్, ఇక్కడే ఇట్లా ఏడిస్తే పైకి పోయాక ఏం చేస్తారు? పక్కకి జరగండి, వెనక వాళ్లు ఉన్నారు" అన్నాడు. వెనక లైన్లో ఎవరో "చిన్నపిల్లల్ని ఎందుకు తెస్తారో, మన టైమ్ పాడు" అన్నారు, నాకు వినపడేలా. ఇంకో ఆమె పిల్లోడి ముందుకొచ్చి "ఏడిస్తే నిన్ను ఈ అడవిల వదిలేసి పోతారు" అంది. ఆ మాటతో వాడికి ఊపిరి అందలేదు.

అంతటితో ఆగలేదు. "బాబుని ఎత్తుకుని మీరే ఎక్కండి, తర్వాత మీరొక్కరే ఎక్కండి, తీసేసి లెక్క వేసుకుంటా" అన్నాడు ఆయన. సరేనని ఎక్కాను. బాబుని మా ఆయనకి ఇచ్చి రెండోసారి ఒక్కదాన్నే ఎక్కితే, నా బరువు గట్టిగా అరిచి చదివాడు. డెబ్బై ఆరు. అక్కడున్న లైనంతా నా వైపు తిరిగింది. ఎవరో కుర్రాళ్లు నవ్వారు. కళ్లలో నీళ్లు తిరిగాయి నాకు. ఆ అంకె రిజిస్టర్‌లో రాసుకుంటే సరిపోదా? అది ఊరందరికీ వినిపించాల్సిన పనేముంది? ఆడవాళ్ల బరువు గురించి నలుగురిలో మాట్లాడకూడదన్న మర్యాద ఇళ్లలోనే లేదు, ఇక ఆఫీసుల్లో ఎక్కడి నుంచి వస్తుంది!

తూకం అవసరమే, దాన్ని నేను కాదనను. చిన్న విమానంలోనైనా హెలికాప్టర్‌లోనైనా మొత్తం బరువు ఎంత, అది ఏ పక్కన ఎంత పడుతోంది అని చూసుకునే మనుషుల్ని కూర్చోబెట్టాలి. బరువు ఒక పక్కకి పోతే నడపడం కష్టం, ప్రమాదం కూడా. మా తమ్ముడి స్నేహితుడికి మళ్లీ ఫోన్ చేస్తే, వాళ్లు కూడా ఎక్కేముందు మనుషుల బరువు, సామాను బరువు లెక్క కడతారన్నాడు. హెలిప్యాడ్ దగ్గర అలాంటి లెక్క ప్రకారమే చిన్నోడి సీటు నాకు దూరంగా, వెనక మూలకి వచ్చింది. నేను ఒప్పుకోలేదు. పిల్లోడి పక్కన నేను లేదా వాళ్ల నాన్న ఉంటేనే ఎక్కుతాం అన్నాను. రిజిస్టర్ ఆయన పెదవి విరిచాడు. అక్కడే ఉన్న ఇంకో కుర్రాడు, పాపం మంచివాడు, లోపలికి వెళ్లి కనుక్కుని వచ్చి, మా ఆయన్ని ముందుకి మార్చి నన్ను పిల్లోడి పక్కకి వేశాడు. అరనిమిషం పని.

కానీ వాడు ఇంకా ఏడుస్తూనే ఉన్నాడు. వాణ్ని ఎక్కించుకోం అని రిజిస్టర్ ఆయన ఖరాఖండిగా చెప్పేశాడు. అప్పుడు మా అత్తమ్మ వచ్చింది. పరకాల వైపు పల్లెలో పుట్టి పెరిగిన మనిషి, చదువుకోలేదు. నేల మీద చతికిలపడి కూర్చుని వాడి మొహం తన వైపు తిప్పుకుంది. "ఓ కొడుకా, గిది సూది కాంట కాదురా, బంగారం కాంట. పొద్దుగాల అక్కని ఎట్ల జోకిన్రు? సూది ఇచ్చిన్రా? అమ్మ పైనుంచి సూస్తది, నా మనుమడు ఎంత బరువున్నడో" అంది. వాడు ఏడుపు ఆపి అక్క వైపు చూశాడు. అక్క "ఇయ్యలేదురా" అని చేతులు చూపించింది. వాడు నాయనమ్మ వేలు పట్టుకుని మిషన్ ఎక్కాడు. దిగి మళ్లీ ఎక్కుతానన్నాడు.

బెదరగొట్టేవాళ్లు అంతమంది ఉన్న చోట, వాడికి తెలిసిన దాంతోనే వాడికి చెప్పింది ఆమె ఒక్కతే.

ఎక్కడం, దిగడం గురించి పెద్దగా రాయాల్సింది లేదు. రెక్కలు తిరుగుతుండగానే ఒక బ్యాచ్‌ని దించి మమ్మల్ని ఎక్కించారు. దుమ్ము బాగా రేగింది, కళ్లద్దాలు పనికొచ్చాయి. చప్పుడుకి ఇద్దరూ కదల్లేదు, అదంతా మిక్సీ పుణ్యం. పైనుంచి వాగు, వాగులో జనం, గద్దెల చుట్టూ జనం, ఆ తర్వాత కనుచూపు మేర ఏటూరునాగారం అడవి. కాస్త వంగి మలుపు తిరిగినప్పుడు పెద్దది నా చేయి గట్టిగా పట్టుకుంది. "దూరంగా ఆ గుట్టని చూడు" అన్నాను, మామూలైంది. చిన్నోడు కింద ఎడ్లబండి వెతుక్కుంటూ కూర్చున్నాడు.

వెళ్లేవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోండి. ఇంట్లో బరువు మిషన్ లేకపోతే కిరాణా కొట్లో కాంటా మీదైనా పిల్లల్ని ఆటగా ముందే ఎక్కించండి. టికెట్ తీసుకునేటప్పుడే తూకం ఎక్కడ వేస్తారు, పిల్లల పక్క సీటు ఇస్తారా అని గట్టిగా అడగండి, మొహమాటపడొద్దు. వీలైతే పొద్దుటి పూట ఎక్కండి. ఎండెక్కాక నేల నుంచి వేడిగాలి లేచి కుదుపులు ఎక్కువవుతాయి. చున్నీలు, కొంగులు, టోపీలు గాలికి లేవకుండా లోపల పెట్టుకోవాలి. కడుపు నిండా తినిపించొద్దు, అలా అని ఖాళీ కడుపుతోనూ వద్దు. ఇడ్లీ లాంటిది చాలు. ముక్కు బిగుసుకుపోయి ఉంటే డాక్టర్‌ని అడగండి. జాతరలో తిప్పేది తక్కువ ఎత్తులోనే కాబట్టి మావాడి జలుబుకి ఇబ్బంది రాలేదు కానీ, విమానంలో ఎత్తు నుంచి దిగేటప్పుడు చెవులు బాగా నొస్తాయి. అప్పుడు ఏదైనా చప్పరిస్తూ, మింగుతూ ఉండాలి. చంటిపిల్లలకైతే పాలు పట్టాలి.

ఇంకొకటి. పెద్దవాళ్లలో ఒకరు టికెట్ తీసుకోకుండా కింద ఉండేలా చూసుకోండి. ఆఖరి నిమిషంలో పిల్లలు వద్దంటే బలవంతం చేయకుండా వాళ్ల చేతిలో పెట్టి వెళ్లొచ్చు, డబ్బులు పోతే పోతాయి. మా అత్తమ్మ అందుకే టికెట్ వద్దంది. మేం దిగొచ్చేదాకా టెంట్ దగ్గర ఆ రిజిస్టర్ ఆయన పక్కనే నిలబడి ఉందట, మా చెప్పుల సంచి పట్టుకుని.