చలిలోనే పట్టిచ్చే రాయి

ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్ నుంచి హాథర్‌సేజ్ ఊరికి రైలులో అరగంట కూడా పట్టదు. అక్కడి నుంచి స్టానేజ్ ఎడ్జ్ అనే రాతి కొండ అంచు దాకా ఎగువకు నడవాలి. రాయి మీంచి పడితే దెబ్బ తగలకుండా కింద పరిచే పరుపు, క్రాష్ ప్యాడ్, వీపున ఉంటుంది; దాన్ని డిసెంబరు గాలి తెరచాపలా పట్టి లాగుతుంది.

ఇంత చలిలో రాళ్లెక్కడమేమిటని అమ్మ ఫోనులో కోప్పడింది. కానీ గ్రిట్‌స్టోన్ అనే ఇక్కడి రాతిని ఎక్కడానికి అసలైన అదను చలికాలమే. 30 కోట్ల ఏళ్లకు పూర్వం నదులు మోసుకొచ్చిన ముతక ఇసుక గట్టిపడి ఈ రాయి అయింది. చేతికందే అంచులు తక్కువ, భారమంతా రాపిడిదే. ఎండాకాలంలో చెమటకు వేళ్లు జారతాయి. చలిలో చర్మం పొడిగా ఉంటుంది, బూటు రబ్బరు మెత్తబడకుండా రాతిని కరుచుకుంటుంది. తడి ఉంటే మాత్రం ఎక్కకూడదు. ముందురోజు వాన పడినా, రాత్రంతా వీచిన గాలికి చెట్ల నీడన ఉన్నవి తప్ప మిగతా గుండ్లన్నీ ఆరిపోయాయి.

ప్లాంటేషన్ అని పిలిచే చోట, గుండ్ల దగ్గర ఒక ఏటవాలు బండ ఎంచుకున్నాం. పట్టుకోవడానికి ఏమీ లేదు. భయం వేస్తే ఒళ్లు రాతికి హత్తుకుపోతుంది, సరిగ్గా అప్పుడే కాలు జారుతుంది. "మడమ దించు, నడుము వెనక్కి పెట్టు" అని కింద నుంచి స్నేహితురాలు చెబుతూనే ఉంది. ముక్కు ముందే తెల్లని పలుగురాతి గింజలు, వాటి మధ్య గోరంత పల్లం. మునివేళ్లు మండుతున్నాయి. బూటు మొన ఆ పల్లంలో ఆనించి, బరువంతా దానిమీదే వేసి మెల్లగా లేచాను. కాలు నిలిచింది! చేతులతో లాక్కుంటూ ఎక్కినప్పుడు ఈ ఆనందం నాకెన్నడూ దొరకలేదు.

కొండ అంచు కింద, చెక్కి వదిలేసిన తిరగలి రాళ్లు గడ్డిలో పడి ఉన్నాయి. ఈ పీక్ డిస్ట్రిక్ట్ జాతీయవనానికి గుర్తు కూడా ఆ రాయే. వాటి పక్కనే కూర్చుని టీ తాగాం. 1949లో బ్రిటిష్ పర్వతారోహకుడు జో బ్రౌన్ మొదటగా ఎక్కిన రైట్ అన్‌కాంకరబుల్ అనే దారి కూడా ఈ అంచు మీదే ఉంది. నేటి పరికరాలేవీ లేని రోజుల్లో ఆ పగులు వెంట పైకి పోయిన మనిషి ధైర్యానికి దండం పెట్టాలనిపిస్తుంది.

నాలుగు కాకముందే పొద్దు వాలింది. చేతులు జారకుండా పూసుకునే చాక్ పొడి రాతి మీద వదిలిన మరకలను మెత్తని బ్రష్‌తో తుడిచాం. ఇనుప బ్రష్ వాడితే రాతి పైపొర లేచిపోతుంది, కింద ఉన్న మెత్తని ఇసుక రాలుతూనే ఉంటుంది. అది మళ్లీ అతుక్కోదు.