పాపిడి తీసే ముందు

ఈ దేశంలో ఆపరేషన్ థియేటర్ నర్సుగా చేరిన రెండో వారం. తల వెనుక కంతి తీయించుకోవడానికి ఒక నడివయసు మహిళ వచ్చారు. ఆమెను సిద్ధం చేసే పని నాకు అప్పగించారు. ఎన్నో ఏళ్లుగా చేతికి అలవాటైన పనే కదా అని, కంతి చుట్టూ అరచేయి మేర గొరగడానికి రేజర్ కోసం సొరుగులన్నీ వెతికాను. ఎక్కడా లేదు. సీనియర్ నర్సును అడిగితే, "ఇక్కడ రేజర్ వాడం. దువ్వెన తీసుకో" అన్నారు.

సరే, దువ్వెన పట్టుకుని ఆమె దగ్గరికి వెళ్లాను. తెలుగులో మనం పాపిడి తీస్తాం, చిక్కు తీస్తాం. ఆ "తీయడం" నా నాలుక మీదే ఉంది. దాన్ని అలాగే ఇక్కడి భాషలోకి మార్చి, "మీ జుట్టులో ఒక గీత తీస్తాను" అన్నాను. ఆమెకు అది మరోలా వినిపించింది. నెత్తి మీద అడ్డంగా ఒక చారను నున్నగా గొరిగేస్తానని అనుకున్నారు. రెండు చేతులతో తల పట్టుకుని నిశ్శబ్దంగా కన్నీళ్లు పెట్టుకున్నారు. ఎందుకో నాకు అర్థమయ్యేసరికి కొన్ని నిమిషాలు పట్టింది. కంతి తీయించుకోవడానికి భయపడని మనిషి, నేను తప్పుగా వాడిన ఒక్క మాటకు అంతగా వణికిపోయారు. ఆ దృశ్యం నన్ను ఇప్పటికీ వదలలేదు.

ఆ రాత్రి గదికి వచ్చి చాలాసేపు చదువుకున్నాను. రేజర్ చర్మం మీద కంటికి కనపడని గాట్లు పెడుతుంది. ఆ గాట్లలో సూక్ష్మజీవులు చేరతాయి. 1971లో వచ్చిన ఒక అధ్యయనంలో, రేజర్‌తో గొరిగినవారిలో నూటికి 5.6 మందికి గాయం చీము పట్టింది. అసలు జుట్టు తీయనివారిలో, క్రీముతో తీసినవారిలో ఆ సంఖ్య 0.6 మాత్రమే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో ఇచ్చిన మార్గదర్శకాలు ఇంకా సూటిగా ఉన్నాయి: జుట్టు తీయకండి, తప్పనిసరైతే క్లిప్పర్‌తో కత్తిరించండి, రేజర్ మాత్రం ఎప్పుడూ వద్దు. శుభ్రత అనుకుని ఇన్నేళ్లు చేసిన పని రోగికి మేలు చేయలేదని తెలిసినప్పుడు చాలా బాధ కలిగింది.

ఇప్పుడు నా పద్ధతి వేరు. ముందురోజు రాత్రి షాంపూతో తలంటుకుని రమ్మని, నూనె, జెల్, స్ప్రే ఏవీ రాయవద్దని ముందే చెబుతాం. వచ్చాక వారిని కూర్చోబెట్టి, "మీరు రోజూ పాపిడి ఎటు తీస్తారు?" అని అడుగుతాను. సర్జన్ కోత గీత గుర్తుపెట్టాక జుట్టును నీళ్లతో తడిపి, ఆ గీత వెంబడే పాపిడి తీస్తాను. రెండు పక్కల పాయలను మెలిపెట్టి రబ్బరు బ్యాండ్లతో బిగిస్తాను. ఎగిరే చిన్న వెంట్రుకలను నీళ్లలో కరిగే జెల్లీతో అణచి, కాగితపు టేపుతో పక్కకు అతికిస్తాను. పెట్రోలియం జెల్లీ వాడను. అది మండే పదార్థం, పైగా కడిగినా ఓ పట్టాన వదలదు. లోహపు పిన్నులన్నీ తీయించేస్తాను. రక్తనాళాలను మూయడానికి డయాథెర్మీ, అంటే కరెంటుతో వేడి పుట్టించి కాల్చే పరికరం, వాడతారు కాబట్టి వాటి దగ్గర చర్మం కాలే ప్రమాదం ఉంది. నిజంగా కత్తిరించాల్సి వస్తే, రోగి ఒప్పుకున్నాకే, థియేటర్ బయటే, గీత పొడవునా సన్నటి చార మాత్రమే క్లిప్పర్‌తో తీసి, రాలిన తుంపులను టేపు జిగురుకు అంటించి ఎత్తేస్తాను.

అన్నిటికంటే నేను భయపడేది తడికి. కోతకు ముందు సూక్ష్మజీవులను చంపడానికి రాసే ఆల్కహాల్ కలిసిన మందు వెంట్రుకలు లేని చర్మం మీద 3 నిమిషాల్లో ఆరుతుంది. అదే జుట్టులో చేరితే ఆరడానికి గంట వరకూ పట్టవచ్చు. ఆ తడి మీద డయాథెర్మీ నిప్పురవ్వ పడితే మంట అంటుకుంటుంది. అందుకే తలకు మేం ఎక్కువగా ఆల్కహాల్‌కు బదులు నీళ్లతో కలిపిన పోవిడోన్ అయోడిన్ అనే మందు వాడతాం. తెల్లజుట్టు ఉన్నవారికి మాత్రం దాని గోధుమరంగు మరక కొన్నాళ్లు ఉండవచ్చని ముందే చెబుతాను. ఒక వృద్ధురాలికి చెప్పడం మరిచిపోయాను. అద్దం చూసుకున్న ఆమె ముఖం గుర్తొస్తే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

మరో సంగతి కూడా ఇక్కడే తెలిసింది. నాకు తెలిసినదల్లా నల్లగా, సాఫీగా ఉండే జుట్టే. పట్టుదారంలా జారిపోయే లేత జుట్టుకు ఏ బ్యాండూ నిలవదు. బిగుతుగా చుట్టలు తిరిగిన జుట్టును పొడిగా దువ్వితే తెగిపోతుంది. తడిపి, పళ్లు ఎడంగా ఉన్న దువ్వెనతో కొసల నుంచి మొదలుపెట్టి పైకి రావాలి. నెత్తినంటి సన్నటి జడలు అల్లుకుని వచ్చిన ఒక యువతి నాకు ఈ విద్య నేర్పింది. ఆ జడలు అల్లడానికి తనకు ఆరు గంటలు పట్టిందట. సర్జన్‌ను పిలిచి చూపించాను. రెండు జడల నడుమ పాపిడి సరిగ్గా కోత పడాల్సిన చోటే ఉంది. ఒక్క జడ కూడా విప్పకుండా పని పూర్తయింది. ఆ రోజు నాకు కలిగిన ఆనందం నా తొలి జీతం అందుకున్ననాటి ఆనందానికి తీసిపోదు.

కుట్లు వేసేటప్పుడు నీలిదారం అందిస్తాను. నల్లదారం నల్లజుట్టులో కలిసిపోయి, విప్పే రోజున వెతుక్కోవాల్సి వస్తుంది. నెత్తికి రక్తప్రసరణ ఎక్కువ. అందుకే చిన్న గాయమైనా ధారగా కారుతుంది, అందుకే త్వరగా మానుతుంది కూడా. ఆ రక్తం ఆరి గట్టిపడకముందే గోరువెచ్చని నీళ్లతో పాయలను తుడుస్తాను. ఇది నేను చేయాల్సిన పనుల జాబితాలో లేదు. అయినా రక్తం అంటిన జుట్టుతో ఎవరినీ ఇంటివారి ముందుకు పంపలేను.

ఆ మొదటి మహిళ కుట్లు విప్పించుకోవడానికి మళ్లీ వచ్చారు. ఇక్కడి భాషలో "వేరుచేయడం" అనే మాటను అప్పటికి ఇరవైసార్లు పలికి నేర్చుకున్నాను. "జుట్టును ఇలా వేరుచేసి చూస్తాను, ఒక్క వెంట్రుకా పోదు" అన్నాను. ఆమె నవ్వి తల వంచారు. పని అయ్యాక దువ్వెన తీసుకుని, పాపిడి ఎటు అని అడిగాను. "ఎడమకు" అన్నారు.

అప్పటి నుంచి ప్రతి రోగి కాగితం మీద ఒక మూల పాపిడి ఎటో రాసుకుంటున్నాను. ఆ ఫారంలో దానికి గడి లేదు. పక్క ఖాళీలో చిన్న అక్షరాలతో రాస్తాను.