ఎంగిలి

ఎనిమిదో తరగతి చివర్లో నా ఎడమ చెవి మూసుకుపోయింది. బావిలో ఈత కొట్టి వచ్చాక నీళ్లు నిలిచినట్టు ఉండేది. క్లాసులో సార్ అటువైపు నుంచి పిలిస్తే పలికేవాణ్ణి కాదు. పరధ్యానం అనుకుని రెండు దెబ్బలు కూడా వేశారు. అప్పుడప్పుడూ ముక్కులోంచి రక్తం కారేది. ఒంట్లో వేడి అని నాయనమ్మ సబ్జా నీళ్లు తాగించేది. దసరా సెలవుల్లో మెడకి ఎడమ పక్కన బిళ్ల కట్టింది. నొప్పి లేదు. అందుకే ఎవరూ కంగారు పడలేదు.

మా ఊరి డాక్టర్ టీబీ అన్నారు. మన దగ్గర మెడ మీద బిళ్ల అంటే ముందు టీబీయే గుర్తుకొస్తుంది, ఆయన్ని పూర్తిగా తప్పుపట్టలేను. కానీ రెండు నెలలు మందులు వాడాక, గడ్డ నిమ్మకాయంత అయ్యాక కూడా చెవి సంగతి, ముక్కు సంగతి ఎవరూ అడగలేదు. మేమూ చెప్పలేదు. చెవికీ మెడకీ ఏం సంబంధం అనుకున్నాం.

సంబంధం ఏమిటో హైదరాబాద్‌లో ఈఎన్‌టీ డాక్టరమ్మ చెప్పారు. ముక్కు వెనక, కొండనాలుకకు పైన ఒక చోటు ఉంటుంది. చెవి నుంచి వచ్చే సన్నటి గొట్టం అక్కడే తెరుచుకుంటుంది. అక్కడ ఏదైనా పెరిగితే ఆ దారి మూసుకుపోతుంది. ముక్కులోంచి కెమెరా గొట్టం పంపి చూసి, చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు. నేసోఫారింజియల్ క్యాన్సర్. స్కాన్లలో మెడ దాటి పోలేదని తేలింది.

"ఆపరేషన్ చేసి తీసేయరా?" అన్నాడు నాన్న. పుర్రె అడుగున, నరాల మధ్య ఉంది, కత్తి పెట్టే చోటు కాదు, పైగా కీమోకీ రేడియేషన్‌కీ బాగా లొంగే రకం అన్నారు.

ఎందుకొచ్చిందని అమ్మ అడిగింది. నాగాలాండ్‌లో, దక్షిణ చైనాలో ఎక్కువట, మన వైపు పిల్లల్లో అరుదట. ఎప్‌స్టీన్-బార్ అనే వైరస్‌కి దీనితో సంబంధం ఉందట, అది ఎంగిలి ద్వారా అంటుతుందట. మిగతావేవీ అమ్మకి వినపడలేదు. నా చిన్నప్పటి నుంచీ ఒకే కంచంలో కలిపి నాకో ముద్ద, తనకో ముద్ద. "నేనే అంటించానా మేడం?" అంది. ఆ వైరస్ దాదాపు అందరికీ ఎప్పుడో ఒకప్పుడు సోకేదే, ఏ కొద్దిమందిలోనో ఇలా మారుతుంది, మీ తప్పేం లేదు అని ఆవిడ రెండుసార్లు చెప్పారు. అమ్మ తలూపింది. ఆ రోజు నుంచి నా గ్లాసు ముట్టుకోలేదు.

మూడు వారాలకోసారి కీమో, మొత్తం మూడు. సిస్ప్లాటిన్ ఒక రోజు, ఇంకో మందు ఐదు రోజులు రాత్రీ పగలూ పంపులోంచి. రెండోదాని తర్వాత ఒక పొద్దున టప్‌మని ఎడమ చెవి తెరుచుకుంది. వార్డు ఫ్యాన్ అంత చప్పుడు చేస్తుందని అప్పటిదాకా తెలీదు! అదే సిస్ప్లాటిన్ తర్వాత సన్నటి శబ్దాలు కొన్ని తీసుకుపోయింది. నా వాచీ అలారం ఇప్పటికీ నాకు వినిపించదు.

తర్వాత కరెంటు పెట్టారు. మా వైపు రేడియేషన్‌ని అలాగే అంటారు. ముందు పుచ్చిన పళ్లు రెండు పీకారు. వేడి నీళ్లలో మెత్తబడ్డ ప్లాస్టిక్ వలని మొహం మీద ఒత్తి మాస్క్ చేశారు. దాన్ని బల్లకి బిగిస్తే కనురెప్ప తప్ప ఏదీ కదలదు. 34 సిట్టింగులు, శని ఆదివారాలు సెలవు. మూడో వారానికి నోరంతా పుండ్లు. ఉమ్మి మింగినా ప్రాణం పోయేది, తర్వాత ఆ ఉమ్మి కూడా ఎండిపోయింది. ముక్కు గొట్టంలోంచి రాగిజావ, పాలు. 46 కిలోలవాణ్ణి 37కి వచ్చాను.

ఆరేళ్లయింది. పొద్దున్నే థైరాయిడ్ మాత్ర, చేతిలో ఎప్పుడూ నీళ్ల సీసా, ఏడాదికోసారి చెకప్.

కరెంటు అయిపోయిన ఐదో నెలలో ఒక మధ్యాహ్నం పప్పుచారు అన్నం నోట్లో పెట్టుకుంటే పులుపు తగిలింది. అన్నాళ్లూ ఏది తిన్నా మట్టే. "అమ్మా, చింతపండు ఎక్కువైంది" అని అరిచాను. వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చి నా కంచంలోంచే ఒక ముద్ద తీసి నోట్లో వేసుకుంది. "ఏం ఎక్కువ కాలేదు" అంది. మిగిలిందంతా అక్కడే కూర్చుని తినేసింది.